మెమో ముందా, మాట ముందా?

ప్రత్యేక సంచికకు నాలుగు ముక్కలు రాయమని కార్యదర్శి గారు కోరారు. డెబ్బై దాటిన నావంటి గుమాస్తాకు గుర్తుండేవి ఫైళ్ళూ, జీవోలే. వాటిలో ఒక జీవో కథ మన తరానికి బాగా తెలిసినదే.

1983 జనవరిలో ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఫిబ్రవరి 8న ఉద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గిస్తూ ఉత్తర్వు వెలువడింది. 55 నిండినవారు ఆ నెలాఖరుకే ఇంటిదారి పట్టవలసి వచ్చింది. నిరుద్యోగ యువకులకు అవకాశం కల్పించాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. అది తీసిపారేయదగినది కాదు. కాని ఇంకా మూడేళ్ళ జీతం ఉందని లెక్క వేసుకున్నవారికి మిగిలింది ఇరవై రోజులే.

వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. 1985 జనవరిలో కోర్టు తగ్గింపు చెల్లుతుందనే చెప్పింది. అప్పటికే, 1984 ఆగస్టు 23 నుంచి, వయస్సు తిరిగి 58 అయింది. మధ్యలో వెళ్ళిపోయినవారికి మాత్రం ఆ మేలు దక్కలేదు. వారు మళ్ళీ పోరాడగా, వారిని వేరుచేసి చూడడం తగదని అదే కోర్టు 1985లోనే తీర్పు చెప్పింది. ప్రభుత్వానికి అధికారం ఉన్నమాట నిజమే. ఆ అధికారాన్ని ముందుగా ఒక మాట అడిగి వాడి ఉంటే ఇంత దూరం తిరగవలసిన పని ఉండేది కాదని నా అభిప్రాయం.

అడిగే పద్ధతి మన దేశానికి కొత్త కాదు. 1960 జులైలో కేంద్ర ఉద్యోగులు సమ్మె చేశారు. 1966లో కేంద్రం జాయింట్ కన్సల్టేటివ్ మెషినరీ ఏర్పాటు చేసింది. అధికారులూ, ఉద్యోగుల ప్రతినిధులూ ఒకే బల్ల దగ్గర కూర్చునే ఏర్పాటది. జీతభత్యాలు, పనిగంటలు, సెలవులపై ఒప్పందం కుదరకపోతే మధ్యవర్తికి నివేదించవచ్చు. అయినా 1974 మే నెలలో రైల్వే సమ్మె వచ్చింది, వేలాదిమంది జైళ్ళకు వెళ్ళారు. బల్ల ఒక్కటే చాలదు, కూర్చునే మనసు కూడా ఉండాలి.

పెద్దలను అనడం తేలిక. నా సంగతీ చెప్పుకోవాలి. ఒకసారి సూపరింటెండెంటు గారు సెలవులో ఉండగా సెక్షన్ బాధ్యత నాకు అప్పగించారు. మూడు రోజులైనా ఫైలు వెతికి ఇవ్వలేదని రికార్డు అసిస్టెంటుకు మెమో ఇచ్చాను. తీరా చూస్తే వానకు రికార్డు గది కారి, అతను తడిసిన కట్టలను మేడమీద ఆరబెడుతున్నాడు. అడిగి ఉంటే ఒక్క ముక్కలో తెలిసిపోయేది. మెమో వెనక్కి తీసుకున్నాను గాని, నేను రిటైరయ్యే దాకా అతను నాతో మునుపటిలా మాట్లాడలేదు.

కుర్చీని హోదా అనుకున్నవాడికి ఎదుటివాడి మౌనం ధిక్కారంగా తోస్తుంది. బాధ్యత అనుకున్నవాడు లేచి మేడమీదికి వెళ్ళి చూస్తాడు. ఇప్పుడు మనకు కుర్చీలు లేవు. ఇంట్లో పెద్దరికమూ, సంఘంలో పదవులూ మిగిలాయి. అక్కడైనా మెమో కంటే మాట ముందుండాలని మనవి.