యంత్రమునకు నియమము నేర్పిన కథ

కోలారు బంగారు గనులలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో మూడు తరములకు మూడు విధముల జీవనము. చిత్తూరు సీమ మొదలగు చోట్ల నుండి వచ్చిన తాతలు గనిలో దిగినారు. తండ్రులు కొందరు గనిలోను, కొందరు రైల్వేలోను కుదిరినారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిమ్మట, పిల్లలు అనేకులు తెల్లవారకముందే మారికుప్పం, ఛాంపియన్, ఉరిగాం స్టేషనులలో బండి ఎక్కి బెంగుళూరు పోయి రాత్రికి ఇల్లు చేరుచున్నారు. కంప్యూటరు కార్యాలయములలో ఉన్నవారిని పని ఏమని అడిగినచో, "పనులు వాటంతటవే జరిగేటట్లు రూల్సు రాస్తాము" అందురు. పెద్దలకు ఇది వింతగా ఉండును. రైల్వే గుమాస్తానైన నాకు మాత్రము ఇది బొత్తిగా క్రొత్త విద్యగా తోచదు. దీని పూర్వచరిత్ర మన పెద్దల చేతులలోనే ఉన్నది.

ముందు ఆ విద్య ఏమిటో చూతము. ఒక వ్యాపారికి ఊరూర అంగళ్ళు ఉన్నవనుకొనుడు. రాత్రి అంగళ్ళు మూసిన తరువాత బిల్లులన్నియు ఒకచోటికి రావలెను, వచ్చినవి కూడవలెను, కూడినది సరిచూడవలెను, తెల్లవారుసరికి యజమాని బల్లపై లెక్క ఉండవలెను. పూర్వము పదిమంది గుమాస్తాల పని ఇది. నేడు కంప్యూటరు చేయును గాని, దానికి నాలుగు సంగతులు ముందే వ్రాసి ఈయవలెను. ఏ వేళకు, లేక ఏ సూచన అందగానే మొదలుపెట్టవలెను? ఏ పని ముగిసిన మీదట ఏ పని? ఒకే పనిని ఇద్దరు ఒక్కసారి పట్టుకొనకుండ కాపు ఏమి? పని చెడినచో ఎన్నిమార్లు తిరిగి చేయవలెను, ఎప్పుడు ఆగి మనిషిని పిలువవలెను? 1970ల నాటి యునిక్సు కంప్యూటర్లలోని 'క్రాన్' వేళను మాత్రమే చూచెడిది. 2014లో ఎయిర్‌బిఎన్‌బి సంస్థలో పుట్టిన 'ఎయిర్‌ఫ్లో' వంటివి వరుసను, ఫలితమును గూడ చూచును. వేరుగా చెప్పనిచో, ముందరి పనులన్నియు సరిగా ముగిసిననేగాని తరువాతి పనిని అది కదల్చదు.

మొదటి ప్రశ్నకు గని ఇచ్చిన జవాబు గంట. 1880ల నుండి జాన్ టేలర్ అండ్ సన్సు వారి నిర్వహణలో షాఫ్టులు లోతు పెరుగుతూ వచ్చినవి. చివరకు ఛాంపియన్ రీఫు గని 3 కిలోమీటర్ల లోతు దాటినది. అడుగుననున్నవాని కేక పైన ఇంజను నడుపువానికి వినపడదు గదా! అందుచేత గంటల లెక్కతో ఒక భాష ఏర్పడినది. కేజి కదులుచుండగా ఒక్క గంట మ్రోగినచో వెంటనే ఆపవలసినదే. సూచన అందనిదే కేజి కదలరాదు.

నాలుగవ ప్రశ్నకు జవాబు కూడ అక్కడనే ఉన్నది. 1902 జూన్ 30న శివసముద్రము నుండి 92 మైళ్ళ తీగపై విద్యుచ్ఛక్తి మన గనులకు వచ్చినది. యంత్రబలము హెచ్చినకొలది దానిని ఆపు ఏర్పాటు గూడ గట్టిగా ఉండవలెను. పైకి వచ్చిన కేజి ఆగవలసిన చోట ఆగక మీది చక్రము వైపు పోయినచో, డ్రైవరు చేయి ఆడకపోయినను యంత్రము శక్తి తెగి బ్రేకు పడవలెనను నియమము గనులలో వచ్చినది.

రెండవ ప్రశ్న వరుసను గూర్చినది. బౌరింగుపేట, అనగా నేటి బంగారుపేట నుండి గనులకు రైలు 1894లో వచ్చినది. అప్పటికే ఇంగ్లండులో జాన్ సాక్స్‌బీ 1856లో ఒక ఏర్పాటునకు పేటెంటు పొందియుండెను. పట్టాలను దారి మార్చు మీటలును, సిగ్నలు మీటలును ఒకదానితో నొకటి ముడిపడియుండును. దారి సరిగా కుదిరి తాళము పడనిదే సిగ్నలు మీట కదలదు. సిగ్నలు ఇచ్చిన మీదట దారి మీట కదలదు. ముందరి పని ముగియనిదే తరువాతి పని లేదను కంప్యూటరు నియమము ఇదే.

మూడవ ప్రశ్నకు జవాబు టోకెను. ఇంగ్లండులో నార్విచ్ దగ్గర థార్ప్ వద్ద 1874 సెప్టెంబరు 10 రాత్రి, తంతి వార్తలో జరిగిన పొరపాటువలన ఒంటిదారిపై రెండు బండ్లు ఎదురెదురుగా ఢీకొన్నవి. ఆ విషాదము పిమ్మట ఎడ్వర్డు టైయర్ 1878లో టాబ్లెట్టు యంత్రమును కనిపెట్టినాడు. మన దేశమున ఇదే సూత్రముపై నీల్ గారి గుండు టోకెను యంత్రము వాడుకలోకి వచ్చినది. రెండు స్టేషనుల యంత్రములు తీగతో కలిసియుండును. అవతలి మాస్టరు సమ్మతించినగాని గుండు బయటికి రాదు. ఒక గుండు బయటనున్నంతసేపు రెండు చోట్లను మరియొకటి రాదు. అది చేతికి అందనిదే డ్రైవరు బండి కదల్పరాదు.

ఇన్ని కాపులు ఉన్నను యంత్రమునకు వివేకము లేదని మరువరాదు. 2023 జూన్ 2న ఒడిశాలో బాహానగా బజార్ వద్ద మెయిన్ లైనుకు సిగ్నలు పచ్చగా ఉండగా, దారి మాత్రము ప్రక్క లైనుకు కుదిరియున్నది. మద్రాసు వైపు వచ్చుచున్న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్సు, నిలిచియున్న గూడ్సుబండిని ఢీకొన్నది. 290 మందికి పైగా ప్రాణములు కోల్పోయినారు. సిగ్నలు తీగల అమరికను మార్చిన పనిలో జరిగిన లోపములే కారణమని రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలినది. సాక్స్‌బీ నాటి మొదటి నియమమే అక్కడ తెగిపోయినది. యంత్రము ఆజ్ఞ మీరలేదు. దానికి అందిన ఆజ్ఞయే తప్పు. ఒక్క తీగను మార్చినను, కంప్యూటరులో ఒక్క వరుస మార్చినను, మొదటినుండి తుదివరకు పరీక్షించిన పిమ్మటనే పనిలో పెట్టవలెను.

గంట కొట్టినవారు, కేజి నడిపినవారు, టోకెను అందించినవారు మన ఇండ్లలో ఇంకను ఉన్నారు. ఈ ఉగాదికి పచ్చడి తిని పంచాంగము విన్న తరువాత, పిల్లలు వారి ప్రక్కన కూర్చుండి, ఏ గంటకు ఏమి అర్థమో, గంట తప్పిననాడు ఏమి జరిగినదో అడిగి తెలిసికొందురు గాక. పెద్దలును పిల్లలు వ్రాయు నియమములను అడిగి విందురు గాక. సోదర సోదరీమణులందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు.