బీరువాలో రెండు పాస్‌పోర్టులు

అమ్ఘరా అంటే కువైట్‌లో ఉండే మనవాళ్ళలోనే చాలామంది "అదెక్కడ?" అంటారు. జహ్రా వైపు వెళ్తుంటే వస్తుంది. పాత ఇనుము, చెక్క దుంగలు, గోడౌన్లు, అన్నిటి మీదా ఒక పొర దుమ్ము. సాఫ్ట్‌వేర్ వాడికి అక్కడేం పనయ్యా అంటే, 2005లో అక్కడొక కలప గోడౌను స్టాకు లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కించే పని నా నెత్తిన పడింది. పోర్టా క్యాబిన్లో కూర్చుని, మేస్త్రీ చెప్పే లెక్కకీ కంప్యూటర్ చెప్పే లెక్కకీ తేడా ఎందుకొస్తోందో వెతుక్కుంటూ నాలుగు నెలలు గడిపాను. (తప్పు కంప్యూటర్లోనే ఉండేది. ఆ సంగతి మేస్త్రీకి మొదటిరోజే తెలుసు.)

మేస్త్రీది రాజంపేట పక్కన పల్లె. మే 17 పొద్దున నేను వెళ్ళేసరికి చాయ్ గ్లాసు చేతికిచ్చి, "సార్, ఈడ ఆడోళ్ళకు ఓటిచ్చినారంట గదా. మా యక్కకు గూడా వస్తాదా?" అన్నాడు.

నేను పగలబడి నవ్వాను. అతను నవ్వలేదు. వాళ్ళక్క అప్పటికి పనిచేస్తున్న ఇంటినుంచి పారిపోయి మూడు నెలలైందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

ముందు ఆ ఓటు కథ చెప్పాలి. కువైట్ రాజ్యాంగం 1962 నాటిది. అందులో 29వ అధికరణం మనుషులంతా గౌరవంలోనూ హక్కుల్లోనూ సమానమే అంటుంది. అరబ్బీలో అక్కడ వాడిన మాట 'నాస్'. అంటే పౌరులు కాదు, మనుషులు. అదే సంవత్సరం వచ్చిన ఎన్నికల చట్టం మాత్రం ఓటు మగవాళ్ళకే అంది. 1970ల మొదట్లో నూరియా అల్ సదానీ లాంటి వాళ్ళు పార్లమెంటుకి అర్జీ పెట్టారు. పని జరగలేదు. 1990లో ఇరాక్ ఆక్రమించుకున్నప్పుడు కువైటీ ఆడవాళ్ళు వీధుల్లోకొచ్చి ఊరేగింపులు చేశారు, రహస్యంగా సమాచారం చేరవేశారు. అస్రార్ అల్ ఖబందీని ఇరాకీలు 1991 జనవరిలో చంపేశారు. విముక్తి తర్వాతైనా ఓటు వస్తుందనుకున్నారు. 1992 ఎన్నికల్లోనూ మగవాళ్ళే ఓట్లేశారు.

1999 మేలో, పార్లమెంటు రద్దయి ఉన్న సమయంలో, అమీరు షేక్ జాబర్ ఆడవాళ్ళకి ఓటిస్తూ ఫర్మానా జారీ చేశారు. కొత్త పార్లమెంటు వచ్చి దాన్ని కొట్టేసింది. నవంబరు 30న చివరి లెక్క 32–30. రెండంటే రెండు ఓట్లు! మరుసటి ఏడాది ఆడవాళ్ళు ఓటర్ల నమోదు కేంద్రాలకి వెళ్ళి "మా పేర్లు రాసుకోండి" అని నిలబడ్డారు. రాసుకోకపోతే కోర్టుకెక్కారు. అక్కడా ఓడిపోయారు. 2005లో నీలం రంగు పట్టుకుని మళ్ళీ పార్లమెంటు ముందుకొచ్చారు. మే 16 రాత్రి 35–23తో చట్టం మారింది. నెల తిరక్కుండానే మసూమా అల్ ముబారక్ అనే ప్రొఫెసరమ్మ మంత్రి అయ్యారు. 2009లో నలుగురు ఆడవాళ్ళు పార్లమెంటుకి గెలిచారు.

ఆ రోజుల్లో మా ఆఫీసులో ఒక కువైటీ అమ్మాయి ఉండేది. మా మద్రాసు రాష్ట్రంలో, ఆస్తి ఉన్నవాళ్ళకే అయినా, 1921లోనే ఆడవాళ్ళకి ఓటుందని ఆమె దగ్గర కోతలు కోశాను. ఆమె చాలా మర్యాదగా, "మరి 30 ఏళ్ళు నిండని ఆడవాళ్ళు ఇంటిపనికి ఇక్కడికి రాకూడదని మీ దేశం రూలు పెట్టిందట కదా, మగవాళ్ళకి లేదేం?" అంది. నేను స్టాకు రిపోర్టు ప్రింటు తీసుకోవాలని గుర్తొచ్చి వెళ్ళిపోయాను.

సరే, మేస్త్రీ వాళ్ళక్క సంగతికొస్తాను. 2006లో మాకు పాప పుట్టింది. ఇంట్లో సాయానికెవరైనా ఉన్నారా అంటే మేస్త్రీ ఆవిణ్ణి పంపాడు. నాకంటే చిన్నదే అయినా మేమూ అక్కా అనే పిలిచేవాళ్ళం. మొదటిరోజు మా ఆవిడ వయసడిగితే, "నా పాస్‌పోర్టు నాకంటే ఆరేళ్ళు పెద్దది మ్మా" అంది. 30 ఏళ్ళ రూలు దాటడానికి ఏజెంటు చేసిన లెక్క. రూలు ఆవిణ్ణి ఆపలేదు, పుట్టినతేదీ మాత్రం మార్చేసింది.

2003లో 20 నంబరు వీసా మీద వచ్చిందావిడ. తెలియనివాళ్ళకి: ఇక్కడ ఇంటిపనివాళ్ళకీ, ఇంటి డ్రైవర్లకీ ఇచ్చేది 20, కంపెనీలవాళ్ళది 18. ఈ రెండు అంకెల తేడా చాలా పెద్దది. 1964 నాటి ప్రైవేటు కార్మిక చట్టం ఇంటిపనివాళ్ళని బయటపెట్టింది. 2010లో కొత్త చట్టం రాసినప్పుడూ బయటే పెట్టారు. గోడౌన్లో దుంగ మోసే తమ్ముడికి పనిగంటలున్నాయి, సెలవుంది, ఫిర్యాదు చేసే చోటుంది. పదిమంది ఉన్న ఇంట్లో వంటా, బట్టలూ, పిల్లలూ చూసే అక్కకి అవేవీ లేవు. ఆ ఇంట్లో పద్నాలుగు నెలల్లో ఆవిడకి అందింది మూడు నెలల జీతం.

"పాస్‌పోర్టు అడగలేదా అక్కా?" అన్నాను.

"అది బాబా బీరువాలో ఉన్న్యాది సార్. మామాది గూడా ఆడ్నే పెట్టినాడు."

ఈ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు. 2009 అక్టోబరులో పేపరు చదువుతూంటే గుర్తొచ్చింది. అప్పటిదాకా కువైటీ భార్య పాస్‌పోర్టు తీసుకోవాలంటే భర్త సమ్మతి కావాలి, అది 1962 నాటి నిబంధన. ఒకావిడ కేసు వేసింది, ఆ నిబంధన చెల్లదని రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. అంటే ఒకే బీరువా, ఒకే తాళంచెవి, రెండు పాస్‌పోర్టులు: యజమానురాలిది, పనిమనిషిది. 2009లో ఒకటి బయటికొచ్చింది. రెండోదాని గురించి చట్టం నోరు తెరిచింది 2015లో. ఆ ఏడాది 68వ నంబరు చట్టం ఇంటిపనివాళ్ళకి వారానికొక సెలవు, రోజుకి 12 గంటలు మించని పని, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు ఇచ్చింది. 2016లో కనీస జీతం 60 దినార్లన్నారు. పనిమనిషి పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు, ఆమె సమ్మతిస్తే తప్ప. ఆ "సమ్మతిస్తే" ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నీలం రంగు ఆడవాళ్ళని నేను తప్పు పట్టబోవటం లేదు. నలభై ఏళ్ళకి పైగా పోట్లాడి సాధించుకున్నారు. కానీ వాళ్ళు పార్లమెంటు ముందు నిలబడ్డ పూట వాళ్ళ వంటింట్లో ఎవరున్నారన్న ప్రశ్న నన్నొదలదు. నన్నొదలకపోవడానికి కారణం మా వంటిల్లు.

పారిపోయిన పనిమనిషి మీద యజమాని ఫిర్యాదు పెడితే అకామా పోతుంది. మనవాళ్ళ భాషలో 'కల్లివెల్లి'. అక్క కల్లివెల్లి అని మాకు తెలుసు. అందుకే చవగ్గా దొరికిందనీ తెలుసు. రోజుకి రెండు గంటలు, నెలకి 35 దినార్లు. మేం ఇండియా వెళ్ళిన నెల జీతం ఇచ్చేవాళ్ళం కాదు. 2015 చట్టం వార్త మా వంటింటి బల్ల దగ్గరే చదివి వినిపించాను. గిన్నెలు తోముతూ అంతా విని, "మన ఇంటికి గూడా వర్తిస్తాదా సార్?" అంది. పదేళ్ళ కిందట వాళ్ళ తమ్ముడడిగిన ప్రశ్నే. ఈసారి నేను నవ్వలేదు. నీ వీసా మా పేరు మీద లేదు కదక్కా అని టెక్నికల్‌గా జవాబు చెప్పాను. తర్వాతి నెల నుంచి 50 చేశాం. అంతే చేశాం.

హసావిలో ఆవిడ గదిలో ఇథియోపియా అమ్మాయిలు కూడా ఉండేవారు. వాళ్ళ ఇంజెరా మన దోసె లాంటిదేననీ, పులుపెక్కువనీ చెప్పేది. ఆఫ్రికా దేశాలు 2003లో మపూటోలో ఆడవాళ్ళ హక్కుల ఒప్పందం ఒకటి రాసుకున్నాయి. 2005 నవంబరులో అమల్లోకొచ్చింది. పనిని ఎంచుకునే స్వేచ్ఛ ఇవ్వాలి, యజమానుల దోపిడీ నుంచి కాపాడాలి అని రెండూ కలిపి ఒకేచోట రాశారందులో. రెండూ కలిపి రాయటం తేలికే. 2013లో ఇథియోపియా తన కార్మికులు గల్ఫ్ వెళ్ళటాన్నే నిషేధించింది, 2018లో ఎత్తేసింది. మన ప్రభుత్వమూ 2016లో ఆడవాళ్ళు సర్కారీ ఏజెన్సీల ద్వారానే వెళ్ళాలంది. తలుపు మూస్తే గోడ దూకుతారు, విజిట్ వీసా మీద వస్తారు. దేశాల మధ్య కూర్చుని మాట్లాడుకోవటం ఆలస్యంగా మొదలైంది. ఇంటిపనివాళ్ళ మీద భారత్, కువైట్ ఒప్పందం సంతకమైంది 2021 జూన్‌లో.

అక్క అప్పటికి లేదు. 2018 జనవరిలో ఆమ్నెస్టీ ప్రకటించారు, జరిమానా కట్టకుండా వెళ్ళిపోవచ్చని. ఎంబసీ దగ్గర లైన్లో నించుని ఔట్‌పాస్ తెచ్చుకుంది. ఒక్క కాగితం. పదిహేనేళ్ళకి ఇంటికెళ్తూ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని రవికెలో దాచుకుంది. పాస్‌పోర్టు బహుశా ఇంకా ఆ బీరువాలోనే ఉంటుంది.

2024 మే 10న కువైట్‌లో కొత్త అమీరు పార్లమెంటుని రద్దు చేసి, నాలుగేళ్ళ దాకా ఉండకపోవచ్చన్నారు. మే 13న ఆంధ్రాలో పోలింగు. ఆ సాయంత్రం అక్క ఫోను చేసింది, వాట్సాప్‌లో సిరా చుక్క ఫొటో పెట్టి.

"ఏసొచ్చినా సార్. రెండు గంటలు నిలబడినా ఎండలో. ఆడ మామావాళ్ళకు ఓటు తీసేసినారంట, మా తమ్ముడు జెప్పినాడు."

"మగవాళ్ళకీ లేదక్కా ఇప్పుడు."

"ఓహో," అని కాసేపు ఊరుకుంది. తర్వాత పాప ఏం చదువుతోందని అడిగింది. తమ్ముడు సెలవుకెప్పుడొస్తాడో అమ్ఘరా పోయినప్పుడు కనుక్కోమంది. వాడు ఫోనులో నిజం చెప్పడట.