కాగితపు చర్చి సముద్రం దాటింది

1995 జనవరి 17, తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలు. జపాన్‌లోని కోబే నగరం కింద భూమి కంపించింది. కాంక్రీటు స్తంభాల మీద నిలబెట్టిన హాన్‌షిన్ ఎక్స్‌ప్రెస్‌వే వందల మీటర్ల మేర పక్కకు ఒరిగి నేలకూలింది. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. 6,400 మందికి పైగా చనిపోయారు. నగాతా అనే పేటలో ఇళ్లు కూలడంతో ఆగలేదు. మంటలు అంటుకుని వీధులకు వీధులే బూడిదయ్యాయి. చెక్క ఇళ్లు, వాటి మధ్య చిన్న చిన్న బూట్ల ఫ్యాక్టరీలు ఉండే కార్మికుల పేట అది. అక్కడి తకతోరి కాథలిక్ చర్చి కూడా ఆ మంటల్లోనే పోయింది. ఆవరణలో ఉన్న క్రీస్తు విగ్రహం మాత్రం మిగిలింది.

అదే ఏడాది సెప్టెంబరుకల్లా ఆ కాలిన స్థలంలోనే కొత్త చర్చి లేచింది. దాని కప్పును మోస్తున్నవి 58 కాగితపు గొట్టాలు. కట్టింది 160 మంది వాలంటీర్లు. పట్టిన సమయం ఐదు వారాలు. కొన్నేళ్ల అవసరం కోసం వేసిన కట్టడమిది. అది ఇప్పటికీ ఉంది, కానీ జపాన్‌లో లేదు. అది ఎక్కడికి చేరిందో తెలియాలంటే, కాగితం మీద బరువు మోపవచ్చన్న ఆలోచన ఎలా పుట్టిందో ముందు తెలియాలి.

ఆ ఆలోచన షిగెరు బాన్‌ది. 1957లో టోక్యోలో పుట్టి, అమెరికాలో చదివి, న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్ నుంచి 1984లో పట్టా తీసుకున్న ఆర్కిటెక్ట్. 1986లో టోక్యోలో ఫిన్లాండ్ ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో మీద ఒక ప్రదర్శన జరిగింది. దాని అలంకరణ పని బాన్ చేతికొచ్చింది. ఆల్టో అంటే చెక్క, కాబట్టి గోడలూ పైకప్పూ చెక్కతో చేయాలి. అంత డబ్బు లేదు. డబ్బు ఉన్నా, కొద్ది వారాల ప్రదర్శన ముగియగానే అంత కలపనూ పారేయాలి. ఆ సంగతి ఆయన మనసుకు పట్టలేదు. ఆఫీసులో చూస్తే ట్రేసింగ్ కాగితం చుట్టలు అయిపోయాక మిగిలిన అట్ట గొట్టాలు పోగుపడి ఉన్నాయి. పారేయబుద్ధి కాక దాచినవి. ఫ్యాక్టరీకి వెళ్లి చూస్తే తెలిసింది: అవి చవక, కావలసినంత పొడవు, కావలసినంత లావు, కావలసినంత మందం చేయించుకోవచ్చు. పైగా అవి ఆయన అనుకున్నదానికంటే చాలా గట్టివి.

ఆ గొట్టాన్ని మనమూ ఎరుగుదుం. బట్టల షాపులో తాను మొత్తం అమ్ముడయ్యాక మధ్యలో మిగిలేది అదే. వాడేసిన కాగితాన్ని గుజ్జు చేసి, మళ్లీ కాగితంగా మార్చి, పట్టీలుగా కోసి, జిగురు పూసి, బొంగరానికి తాడు చుట్టినట్టు ఏటవాలుగా పొర మీద పొర చుట్టి తయారు చేస్తారు. ఇంకో చోట కూడా దీనికి చాలాకాలంగా పని ఉంది. గుండ్రటి కాంక్రీటు పిల్లర్లు పోయడానికి పెద్ద అట్ట గొట్టాన్నే సెంట్రింగుగా నిలబెట్టి, లోపల కాంక్రీటు పోసి, గట్టిపడ్డాక చింపి పారేస్తారు. తడి కాంక్రీటు బరువునూ ఒత్తిడినీ తట్టుకుని నిలబడిన గొట్టాన్ని ఎన్నో దేశాల్లో మేస్త్రీలు రోజూ చూశారు. అదే పిల్లర్ ఎందుకు కాకూడదని అడిగి, ఆ ప్రశ్న వెంట ఏళ్ల తరబడి నడిచింది బాన్. నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చేది ఈ చూపే. కొత్త వస్తువేదీ ఆయన కనిపెట్టలేదు. అందరి కాళ్ల దగ్గరా పడి ఉన్నదాన్ని చేతిలోకి తీసుకున్నారు.

ఆలోచన రావడం వేరు, దాన్ని కట్టడంగా నిలబెట్టడం వేరు. కాగితానికి తేమంటే భయం, నిప్పంటే భయం. ఎక్కువ కాలం బరువు మోస్తే మెల్లగా కుంగే గుణం కూడా ఉంది. స్ట్రక్చరల్ ఇంజనీరింగ్‌లో పెద్దాయన గెంగో మత్సుయి ఆయనకు అండగా నిలిచారు. గొట్టాలను నొక్కి, వంచి, తడిపి పరీక్షించారు. పై పూతతో తేమను అడ్డుకోవచ్చని, మందంగా గట్టిగా చుట్టిన కాగితం పలుచటి కాగితంలా భగ్గున అంటుకోదని తేలింది. 1991లో జుషి అనే ఊళ్లో ఒక కవి పుస్తకాల కోసం కట్టిన చిన్న గ్రంథాలయంలో గొట్టాలు మొదటిసారి ఒక శాశ్వత కట్టడం బరువును భుజానికెత్తుకున్నాయి. 1993లో జపాన్ భవన నిర్మాణ చట్టం 38వ అధికరణం కింద కాగితపు గొట్టానికి నిర్మాణ సామగ్రిగా ఆమోదం దొరికింది. ఆ తరువాత యమనకా సరస్సు ఒడ్డున 110 గొట్టాలను ఎస్ ఆకారంలో వంపు తిప్పి నిలబెట్టి ఒక ఇల్లు కట్టారు. కాగితపు తలుపులు జపాన్ ఇళ్లలో శతాబ్దాలుగా ఉన్నాయి. అవి వెలుతురును వడగట్టేవి. కప్పు బరువు మోయమని కాగితాన్ని ఎవరూ అడగలేదు.

ఇంతవరకే ఉంటే ఇది ఒక తెలివైన ఆర్కిటెక్టు చేసిన ప్రయోగంగా డిజైన్ పత్రికల్లో మిగిలిపోయేది. కానీ 1994లో రువాండాలో మారణహోమం జరిగింది. ఇరవై లక్షలకు పైగా జనం ఇళ్లు వదిలి శిబిరాల పాలయ్యారు. వాళ్లకు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ప్లాస్టిక్ పట్టాలిచ్చింది. పట్టాను నిలబెట్టే కర్రలు శరణార్థులే తెచ్చుకోవాలి. లక్షల మంది చెట్లు నరికితే కొండలు బోడివయ్యాయి. అల్యూమినియం గొట్టాలిచ్చి చూస్తే, చేతిలో పైసా లేని జనం వాటిని అమ్ముకుని మళ్లీ చెట్లే నరికారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆకలితో ఉన్న మనిషి చేతికి అల్యూమినియం ఇస్తే అమ్ముకోక ఏం చేస్తాడు? బాన్ జెనీవా వెళ్లి కాగితపు గొట్టాల సంగతి చెప్పారు. అమ్మితే ఏమీ రాని వస్తువు కాబట్టి అది గుడారాన్నే పట్టుకుని ఉంటుంది. ఒక పదార్థం చవకదనమే దాని బలమయ్యే చోటు కూడా ఉంటుందని ఆ శిబిరాలు చూపించాయి.

కోబే కంపించేనాటికి ఆయన ఆ పనిలోనే ఉన్నారు. తకతోరి చర్చికి వియత్నాం నుంచి వచ్చిన శరణార్థులు ఎక్కువగా వస్తారని, ఇప్పుడు వాళ్ల పరిస్థితి బాగాలేదని పత్రికలో చదివి కోబే వెళ్లారు. కాలిపోయిన చర్చి ఆవరణలో మంట చుట్టూ జనం నిలబడి ఉంటే ప్రార్థన జరుగుతోంది. కాగితంతో చర్చి కడతానని ఆయన అనగానే ఫాదర్ నిర్ఘాంతపోయారు. మొన్ననే మంటల్లో తగలబడిన చోట కాగితమా? అదీగాక తమవాళ్లకు ఇళ్లు లేనప్పుడు చర్చి ముందు కడితే బాగుండదన్నది ఫాదర్ మాట. బాన్ వదల్లేదు. టోక్యో నుంచి ఆదివారం ప్రార్థనకు మళ్లీ మళ్లీ వచ్చారు. వచ్చిన కొద్దీ ఆ మనుషులతో పరిచయం పెరిగింది, వాళ్ల అవసరమేమిటో కళ్లకు కట్టింది.

ప్రభుత్వం కట్టిన తాత్కాలిక ఇళ్లు ఊరికి దూరంగా ఉన్నాయి. వియత్నాంవాళ్ల పని బూట్ల ఫ్యాక్టరీల్లో. దూరం పోతే పని పోతుంది. అందుకే పార్కుల్లో పట్టాల కిందే ఉన్నారు. వాన పడితే లోపలికి నీళ్లు, ఎండ కాస్తే లోపల ఉక్క. చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు పార్కు మురికివాడగా మారుతుందేమోనని గుబులు. అప్పుడు పుట్టింది కాగితపు దుంగల ఇల్లు. పునాది కోసం బీరు సీసాల ప్లాస్టిక్ క్రేట్లు తెచ్చి, వాటిలో ఇసుక బస్తాలు నింపి పరిచారు. గోడలకు నిలువుగా పేర్చిన సన్నటి కాగితపు గొట్టాలు, పైన గుడ్డ కప్పు. ఇంటికి సామగ్రి ఖర్చు 2,000 డాలర్ల లోపు. ఇటుక, సిమెంటు, క్రేను ఏవీ లేవు. కట్టింది విద్యార్థులు. అవసరం తీరాక విప్పేసి గొట్టాలను గుజ్జు చేయవచ్చు, క్రేట్లను తిరిగి ఇచ్చేయవచ్చు. చూడటానికీ ఆ ఇళ్లు శుభ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. బాధితులకు అందం దేనికి అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. సర్వం పోగొట్టుకున్న మనిషికి కాస్త అందమైన గోడ అందరికంటే ఎక్కువ అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. బాన్ పని అంతటా ఆ నమ్మకం కనిపిస్తుంది.

తరువాత చర్చి. బయట 10 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవు ఉన్న చుట్టుగోడ. వెలుతురు వచ్చే ముడతల పాలికార్బొనేట్ రేకులతో చేసింది. దాని లోపల కోడిగుడ్డు ఆకారపు వరుసలో 58 గొట్టాలు. ఒక్కొక్కటి 5 మీటర్ల ఎత్తు, సుమారు 33 సెంటీమీటర్ల వ్యాసం, ఒకటిన్నర సెంటీమీటర్ల మందం. రోమ్‌లో పదిహేడో శతాబ్దపు శిల్పి బెర్నీని కట్టిన చర్చిల నుంచి ఆ ఆకారం వచ్చింది. పాలరాతితో బెర్నీని చేసిన గీతనే బాన్ పారేసిన కాగితంతో గీశారు. బలిపీఠం వెనక గొట్టాలు దగ్గర దగ్గరగా గోడలా నిలబడతాయి. ముందుకు వచ్చే కొద్దీ మధ్య ఎడం పెరుగుతుంది. ముందువైపు తలుపులన్నీ తెరిస్తే లోపలి మండపం, బయటి వాకిలి ఒకటే అయిపోతాయి. పైన గుడారపు గుడ్డలోంచి పగటి వెలుతురు దిగుతుంది. లోపల 80 మంది కూర్చునే చోటు. ఆదివారాలు ప్రార్థన, మిగతా రోజుల్లో పేటవాళ్ల సమావేశాలు, కచేరీలు. డబ్బంతా చందాలే.

ఈ కట్టడంలో పదార్థానికీ ఆలోచనకూ మధ్య గీత ఎక్కడుందో చెప్పలేం. తేలిక కాబట్టి క్రేను అక్కర్లేదు, నైపుణ్యం లేని చేతులు చాలు. ఆ చేతులు పేటవాళ్లవీ, వాళ్లకోసం వచ్చినవాళ్లవీ కాబట్టి అది వాళ్ల సొంతమైంది. కాంక్రీటుతో కట్టి ఉంటే కాంట్రాక్టరు వచ్చి కట్టి వెళ్లిపోయేవాడు.

2000లో జర్మనీలోని హానోవర్ ఎక్స్‌పోలో జపాన్ పెవిలియన్‌ను ఆయన కాగితంతోనే కట్టారు. సుమారు 74 మీటర్ల పొడవు, అలలా వంపులు తిరిగిన సొరంగం లాంటి మంటపం. తేలికపాటి కట్టడాల్లో ప్రపంచానికి గురువు లాంటి ఫ్రై ఒట్టో దానికి తోడు నిలిచారు. జర్మన్ అధికారులకు కాగితం మీద పూర్తి నమ్మకం కుదరక చెక్క ఆర్చీలు కూడా పెట్టించారు. ప్రదర్శన అయ్యాక గొట్టాలు మళ్లీ కాగితపు మిల్లుకు చేరాయి.

అంతకంటే నన్ను ఆకట్టుకునేది మరుసటి ఏడాది గుజరాత్‌లో చేసిన పని. 2001 జనవరి 26న గణతంత్ర దినోత్సవం ఉదయమే భుజ్ నేలమట్టమైంది. బాన్ కాగితపు ఇంటి నమూనాతో వచ్చారు కానీ కోబే ఇంటిని ఉన్నదున్నట్టు దించలేదు. క్రేట్లు దొరకని చోట కూలిన ఇళ్ల రాళ్లూ రప్పలే పునాది అయ్యాయి. దాని మీద స్థానిక పద్ధతిలో మట్టి నేల అలికారు. కప్పుకు వెదురు: చీల్చిన బద్దలు వంచి వాసాలు, నిండు వెదురు బొంగు వెన్నుగాడి. వాటిపైన అక్కడే అల్లిన తడిక, దానిపై ప్లాస్టిక్ పట్టా, మళ్లీ తడిక. ఇంటి ముక్కోణపు గోడల్లో తడికల సందుల్లోంచి గాలి ఆడుతుంది. లోపల పొయ్యి వెలిగించుకోవచ్చు, పొగ బయటికి పోతుంది, ఆ పొగకు దోమలూ దూరంగా ఉంటాయి. జపాన్ ఆర్కిటెక్టు తెచ్చినది గొట్టం ఒక్కటే. మిగిలిన ఇల్లంతా కచ్ మనిషి చేతిపని.

ఇక ఆ చర్చి సంగతి. తకతోరివాళ్లు దాన్ని పదేళ్లు వాడుకున్నారు. 2005 నాటికి శాశ్వత చర్చి కట్టుకోవాలనుకున్నారు. దాన్ని గీసిందీ బానే. మరి కాగితపు చర్చి? అప్పటికి తైవాన్‌లో ఇంకో ఊరు ఇలాంటి గాయమే మోస్తోంది. 1999 సెప్టెంబరు 21 అర్ధరాత్రి దాటాక వచ్చిన భూకంపం అక్కడ 2,400 మందికి పైగా బలి తీసుకుంది. నాంటౌ జిల్లాలో పూలీ దగ్గరున్న తావోమి అనే పల్లె బాగా దెబ్బతింది. ఆ పల్లె కోలుకోవడానికి ఎంచుకున్న దారి వేరు. తమ చెరువుల్లో, పొలాల్లో ఉన్న కప్పలనూ తూనీగలనూ లెక్కపెట్టి, నేర్చుకుని, వాటిని చూపించే పర్యావరణ గ్రామంగా మారింది. కోబే పదేళ్ల స్మరణకు తైవాన్ నుంచి వచ్చినవాళ్లు, చర్చిని విప్పేస్తున్నారని విని తమకిమ్మన్నారు. గొట్టాలు ఓడెక్కాయి. 2008 సెప్టెంబరు 21న, తమ భూకంపం జరిగిన తేదీనే, తావోమి దాన్ని తెరిచింది. పేపర్ డోమ్ పేరుతో ఇప్పుడు చెరువు పక్కన నిలిచి ఉంది. సభలు, కచేరీలు, పెళ్లిళ్లు జరుగుతాయి.

తాత్కాలికమేది, శాశ్వతమేది అన్న లెక్కను ఈ ప్రయాణం తారుమారు చేసింది. లాభం కోసం కట్టిన కాంక్రీటు మేడను కొత్త యజమాని వచ్చి కూల్చేస్తే అది తాత్కాలికమే, జనం ప్రేమిస్తే కాగితం శాశ్వతమవుతుంది అని బాన్ చాలా వేదికల మీద చెప్పారు. మన నగరాల్లో ముప్పై, నలభై ఏళ్లకే పడగొట్టి మళ్లీ కడుతున్న అపార్ట్‌మెంట్లను చూస్తే ఆ మాటలో మొదటి సగం మనకు బాగానే అర్థమవుతుంది.

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో 2011 ఫిబ్రవరి 22 భూకంపానికి 185 మంది పోయారు, రాతి కెథీడ్రల్ దెబ్బతింది. దాని స్థానంలో బాన్ గీసిన అట్ట కెథీడ్రల్ 2013లో తెరుచుకుంది. 700 మంది కూర్చోవచ్చు. అక్కడి ఫ్యాక్టరీలు కావలసినంత మందపు గొట్టాలు చేయలేకపోవడంతో లోపల చెక్క దూలాలు జొప్పించాల్సి వచ్చింది. అందుకే కొందరు ఇది నిజంగా కాగితపు కట్టడమేనా అని ప్రశ్నించారు. న్యాయమైన ప్రశ్నే. అయినా ఊరి మనుషులు తిరిగి కలుసుకునే చోటును ఆ గొట్టాలే ఇచ్చాయి. మరుసటి ఏడాది, 2014లో, ఆర్కిటెక్చర్‌లో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతి బాన్‌కు వచ్చింది.

ఇన్నేళ్లలో ఆయన ఎక్కువసార్లు చేసిన పని మాత్రం చర్చీ కాదు, ఇల్లూ కాదు. జపాన్‌లో భూకంపం వస్తే జనాన్ని స్కూలు జిమ్ హాళ్లలో వరుసగా పడుకోబెడతారు. పక్కవాడి కళ్ల ముందే బట్టలు మార్చుకోవాలి, పాపకు పాలివ్వాలి, ఏడవాలి. ఆ హాళ్లలో కాగితపు గొట్టాల చట్రం కట్టి తెరలు వేలాడదీస్తే కుటుంబానికో గది అవుతుంది. 2011 తొహోకు సునామీ తరువాత ఆయన బృందం సుమారు 50 కేంద్రాల్లో 1,800 అలాంటి గదులు వేసింది. మొదట చాలాచోట్ల నిర్వాహకులు వద్దన్నారు: తెరలుంటే లోపల ఎవరేం చేస్తున్నారో కనబడదు. బాన్ ఊరూరా తిరిగి, వేసి చూపించి ఒప్పించారు. 2022లో యుక్రెయిన్ నుంచి పోలండ్ సరిహద్దు దాటినవాళ్ల కోసం హెల్మ్ పట్టణంలో మూతపడిన సూపర్‌మార్కెట్‌లోనూ అవే గొట్టాలు, అవే తెరలు లేచాయి. జపాన్‌లో ఇప్పుడు స్థానిక ప్రభుత్వాలే ఆయన సంస్థతో ముందుగా ఒప్పందాలు చేసుకుంటున్నాయి. 2024 జనవరి 1న నోతో ద్వీపకల్పం కంపించినప్పుడు, కొద్ది రోజుల్లోనే అక్కడి జిమ్ హాళ్లకు గొట్టాలు చేరాయి.