బడ్జెట్‌లో ఒక్క లైన్: ఆరెంజ్ కౌంటీ ఎలా దివాలా తీసింది?

చరిత్ర అనగానే మనకి రాజులు, యుద్ధాలు, కోటలు గుర్తొస్తాయి. ఈ రోజు చెప్పబోయే కథలో అవేమీ లేవు. ఇందులో ఉన్నది ఒక జిల్లా ఆఫీసు, ఐదుగురు సభ్యుల బోర్డు, ఒక ట్రెజరర్, ఏటా చప్పట్లు లేకుండా, గొడవ లేకుండా పాసైపోయే బడ్జెట్. వినడానికే నిద్రొస్తోంది కదా? ఆ నిద్రే అసలు కథ. ఎందుకంటే అందరూ అలా నిద్రపోయినందుకు 1994లో అమెరికాలోని ఒక సంపన్న కౌంటీ దివాలా పిటిషన్ వేసింది. ఆ అప్పు తీర్చడానికి 2017 దాకా పట్టింది.

ముందు కౌంటీ అంటే ఏంటో చూద్దాం. అమెరికాలో ఇలాంటివి 3,000కు పైగా ఉన్నాయి. ఒక్క కాలిఫోర్నియాలోనే 58. మన లెక్కలో చెప్పాలంటే కలెక్టరేట్‌ని, జిల్లా పరిషత్‌ని కలిపేస్తే ఎలా ఉంటుందో దాదాపు అలా అన్నమాట. జైలు, పోలీసు, ప్రజారోగ్యం, పేదలకు సాయం, లైబ్రరీలు, పార్కులు, ఎన్నికల నిర్వహణ, పుట్టిన సర్టిఫికెట్లు, అన్నీ అక్కడే. కాకపోతే ఒక పెద్ద తేడా ఉంది. పైనుంచి కలెక్టర్‌ని పంపేవాళ్ళు ఉండరు. కాలిఫోర్నియాలో దాదాపు అన్ని కౌంటీల్లోనూ ఐదుగురు సూపర్‌వైజర్లని జనమే ఓటేసి ఎన్నుకుంటారు. ఆరెంజ్ కౌంటీలో ట్రెజరర్‌ని కూడా జనమే విడిగా ఎన్నుకుంటారు. అంటే డబ్బు దాచే మనిషి బోర్డు కింద పనిచేసే ఉద్యోగి కాదు. నచ్చకపోతే బోర్డు అతన్ని తీసేయలేదు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆరెంజ్ కౌంటీ లాస్ ఏంజెలెస్‌కి దక్షిణంగా, సముద్రం పక్కన ఉంటుంది. డిస్నీల్యాండ్ ఉన్న అనహైమ్ ఇక్కడిదే. అధ్యక్షుడు నిక్సన్ పుట్టింది ఇక్కడే. ఇప్పుడు మన తెలుగు కుటుంబాలు చాలా ఉంటున్న అర్వైన్ కూడా ఈ కౌంటీలోదే. 1990 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 24 లక్షల మంది ఉన్నారు. మంచి ఇళ్ళు, మంచి స్కూళ్ళు, మంచి జీతాలు. మరి ఇలాంటి చోట ఖజానా ఎలా ఖాళీ అయింది?

దీనికి సమాధానం కోసం 1978కి వెళ్ళాలి. అప్పట్లో కాలిఫోర్నియాలో ఇళ్ళ ధరలు విపరీతంగా పెరిగాయి, దాంతోపాటు ఆస్తి పన్నూ పెరిగింది. రిటైరైన వాళ్ళు సొంత ఇంటికి పన్ను కట్టలేక ఇబ్బంది పడ్డారు. జనానికి కోపం వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో ప్రపోజిషన్ 13 అనే ప్రతిపాదన మీద ఓటింగ్ జరిగితే దాదాపు 65 శాతం మంది అవునన్నారు. ఆస్తి పన్ను ఇంటి విలువలో 1 శాతం దాటకూడదు. ఇల్లు చేతులు మారేదాకా ఆ లెక్కగట్టిన విలువని ఏడాదికి 2 శాతం మించి పెంచకూడదు. ఒక్క దెబ్బకి స్థానిక ప్రభుత్వాల ఆస్తి పన్ను ఆదాయం సగానికి పైగా పడిపోయింది.

నిజం చెప్పాలంటే జనం కోపంలో న్యాయం ఉంది. కానీ ఆదాయం సగమైంది కదా అని జైలు సగం అవ్వదు, ఆసుపత్రికి వచ్చే పేదవాళ్ళూ సగం అవ్వరు. కొన్నాళ్ళు రాష్ట్ర ప్రభుత్వం ఆదుకుంది. 1990ల మొదట్లో కాలిఫోర్నియాలో మాంద్యం వచ్చాక ఆ రాష్ట్రమే చెయ్యి వెనక్కి తీసుకుంది. పైగా కౌంటీలకి రావాల్సిన ఆస్తి పన్నులో కొంత స్కూళ్ళకి మళ్ళించేసింది. ఇప్పుడు సూపర్‌వైజర్ల పరిస్థితి చూడండి. పన్ను పెంచితే ఓట్లు పోతాయి. ఖర్చు తగ్గిస్తే ఉద్యోగులూ జనమూ ఊరుకోరు. మరి లోటు ఎలా పూడ్చాలి?

అప్పుడు అందరి కళ్ళూ ఒక మనిషి వైపు తిరిగాయి. ఆయన పేరు రాబర్ట్ సిట్రన్. కౌంటీ ట్రెజరర్. అప్పటికే రెండు దశాబ్దాలకు పైగా పదవిలో ఉన్నాడు. రిపబ్లికన్ల కోటలాంటి ఆ కౌంటీలో డెమొక్రాట్ అయ్యుండి కూడా మళ్ళీ మళ్ళీ గెలిచేవాడు. కారణం సింపుల్. ఆయన డబ్బు మీద డబ్బు తెచ్చేవాడు.

ఎలాగంటారా? కౌంటీ డబ్బుతో పాటు నగరాలు, స్కూలు డిస్ట్రిక్టులు, నీటి సంస్థలు, రవాణా సంస్థ, ఇలా సుమారు 190 సంస్థలు తమ డబ్బుని ఆయన నడిపే ఉమ్మడి నిధిలో పెట్టాయి. మొత్తం సుమారు 750 కోట్ల డాలర్లు. సిట్రన్ ఆ డబ్బుతో బాండ్లు కొన్నాడు. వాటినే తాకట్టు పెట్టి అప్పు తెచ్చాడు. ఆ అప్పుతో ఇంకా బాండ్లు కొన్నాడు. అలా నిధి పెట్టుబడుల విలువ 2,000 కోట్ల డాలర్లు దాటింది.

మన ఊళ్ళో భాషలో చెప్తాను. నీ దగ్గర లక్ష ఉంది. ఇంకో రెండు లక్షలు రూపాయి వడ్డీకి తెచ్చావు. మొత్తం మూడు లక్షలూ ఐదేళ్ళ గడువుతో రూపాయిన్నర వడ్డీకి ఇచ్చావు. నెలనెలా మధ్యలో మిగిలేది నీదే. బ్రహ్మాండంగా ఉంది కదా? కానీ నీకు అప్పిచ్చినవాడు ఏ ఆర్నెల్లకో వచ్చి "ఇక నుంచి రెండు రూపాయల వడ్డీ" అన్నాడనుకో. నువ్విచ్చింది ఐదేళ్ళకి, తెచ్చింది ఆర్నెల్లకి. దొరికిపోయావు. సిట్రన్ చేసింది ఇదే. అది చాలదన్నట్టు, వడ్డీ రేట్లు పెరిగితే రాబడి తగ్గిపోయే రకం బాండ్లు కూడా కొన్నాడు. మొత్తం ఆట ఒకే నమ్మకం మీద నడిచింది: వడ్డీ రేట్లు పెరగవు.

కొన్నేళ్ళు ఆ నమ్మకం నిజమైంది. రాష్ట్ర ప్రభుత్వ నిధి కంటే ఈయన నిధికి ఎక్కువ రాబడి వచ్చింది. కౌంటీ బడ్జెట్‌లో 'వడ్డీ ఆదాయం' అనే ఒక లైన్ ఏటా లావెక్కుతూ వచ్చింది. సూపర్‌వైజర్లకి ఇంకేం కావాలి? పన్ను పెంచక్కర్లేదు, ఎవర్నీ తీసేయక్కర్లేదు, లెక్క సరిపోయింది. తీర్మానం పాస్. కొన్ని స్కూలు డిస్ట్రిక్టులైతే బయట అప్పు చేసి మరీ తెచ్చి ఈ నిధిలో పెట్టాయి. అర్వైన్ స్కూలు డిస్ట్రిక్ట్ వాటిలో ఒకటి.

ఇక్కడ నాకు బాగా ఆసక్తిగా అనిపించేది ఏంటంటే, ఎవరూ చెప్పలేదనడానికి లేదు. 1994లో ట్రెజరర్ ఎన్నికల్లో జాన్ మూర్లాక్ అనే అకౌంటెంట్ సిట్రన్ మీద పోటీ చేశాడు. ఈ నిధి ప్రమాదంలో ఉంది, వడ్డీ రేట్లు పెరుగుతున్నాయి, నష్టం చాలా పెద్దదిగా ఉంటుందని బహిరంగంగా చెప్పాడు. సూపర్‌వైజర్‌కి ఉత్తరం కూడా రాశాడు. జనం ఏమనుకున్నారు? ఎన్నికలప్పుడు ఎవడైనా ఇలాగే మాట్లాడతాడులే అనుకున్నారు. జూన్‌లో సిట్రన్ సులువుగా గెలిచాడు.

అప్పటికే ఆట మారిపోయింది. 1994 ఫిబ్రవరిలో అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీ రేట్లు పెంచడం మొదలుపెట్టింది. నవంబరు నాటికి ఆరుసార్లు పెంచింది, 3 శాతం నుంచి 5.5 శాతానికి. సిట్రన్ మాత్రం వెనక్కి తగ్గలేదు. ఇంకో మాట చెప్తే మీరు నమ్మరు. వడ్డీ రేట్లు ఎటు పోతాయో తెలుసుకోడానికి ఆయన పోస్టులో జాతకం పంపే ఒక జ్యోతిష్కుణ్ణి, భవిష్యత్తు చెప్పే ఇంకో వ్యక్తిని సంప్రదించాడని తర్వాత విచారణలో బయటపడింది. జాతకాల పిచ్చి మనకే ఉందనుకుంటాం కానీ, చూశారుగా.

డిసెంబరు 1న కౌంటీ ప్రకటించింది: నిధికి సుమారు 150 కోట్ల డాలర్ల నష్టం. కొన్ని రోజుల్లోనే సిట్రన్ రాజీనామా చేశాడు. డిసెంబరు 6న కౌంటీ చాప్టర్ 9 కింద దివాలా పిటిషన్ వేసింది. ఊళ్ళు, కౌంటీలు లాంటి స్థానిక సంస్థల కోసం ఉన్న దివాలా చట్టం అది. అప్పిచ్చిన ఆర్థిక సంస్థలు తాకట్టులో ఉన్న బాండ్లని అమ్మేసుకున్నాయి. చివరికి నష్టం 160 కోట్ల డాలర్లు దాటింది. అప్పటికి అమెరికా చరిత్రలో ఒక స్థానిక ప్రభుత్వం తీసిన అతి పెద్ద దివాలా ఇదే. 2011లో అలబామాలోని జెఫర్సన్ కౌంటీ, 2013లో డెట్రాయిట్ ఆ రికార్డుని దాటాయి.

దీని మీద ఇంకో వాదన కూడా ఉంది, అది కూడా చెప్పాలి. 1995లో వడ్డీ రేట్లు మళ్ళీ తగ్గాయి. కంగారుపడి బాండ్లు అమ్మకుండా ఆగి ఉంటే నష్టంలో చాలా భాగం తిరిగొచ్చేదని కొందరు ఆర్థికవేత్తలు అన్నారు. కావచ్చు. కానీ టీచర్ల జీతం డబ్బుని, నీళ్ళ పైపుల డబ్బుని పెట్టుకుని 'ఆగి చూద్దాం' అనగలమా? ఆగగలిగే స్తోమత ఉన్నవాడు ఆడే ఆటని, నెల తిరిగేసరికి జీతాలివ్వాల్సిన ఆఫీసు ఆడింది.

ఇక అసలు ప్రశ్న. బిల్లు ఎవరు కట్టారు?

1995లో విలియం పోప్‌జాయ్ అనే వ్యాపారవేత్త జీతం తీసుకోకుండా కౌంటీ సీఈఓ బాధ్యత తీసుకున్నాడు. వెయ్యికి పైగా ఉద్యోగాలు తగ్గించాలని ప్రతిపాదించాడు. దాంతో పాటు పదేళ్ళపాటు అమ్మకం పన్ను అర సెంటు పెంచుదామన్నాడు. అంటే డాలరు వస్తువు మీద అర సెంటు. జూన్ 27న జనాన్ని అడిగారు. పదిలో ఆరుగురు వద్దన్నారు. "తప్పు చేసింది వాళ్ళు, మేమెందుకు కట్టాలి?" అన్నది వాళ్ళ వాదన. వినడానికి న్యాయంగానే ఉంది. మరి కోతలు ఎక్కడ పడ్డాయి? కౌంటీ ఆసరా మీద బతికేవాళ్ళ మీద పడ్డాయి. పేదలకిచ్చే సేవలు తగ్గాయి. బస్సులకి, రవాణాకి పోవాల్సిన డబ్బు అప్పు తీర్చడానికి మళ్ళింది. కారున్నవాడికి ఆ కోత కనపడదు. బస్‌స్టాపులో నిలబడ్డవాడికి కనపడుతుంది. ఆదాయం కోసం పక్క కౌంటీల చెత్తని తెచ్చి తమ డంపింగ్ యార్డుల్లో వేయించుకున్నారు, అదీ ఏళ్ళ తరబడి. ఉమ్మడి నిధిలో డబ్బు పెట్టిన స్కూళ్ళకి డాలరుకి సుమారు 90 సెంట్లు, నగరాలకి సుమారు 80 సెంట్లు వెనక్కి వచ్చే ఏర్పాటు చేశారు.

కౌంటీ 1996 జూన్‌లో దివాలా నుంచి బయటపడింది, 88 కోట్ల డాలర్ల కొత్త బాండ్లు అమ్మి. అంటే పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు. సిట్రన్‌కి ఈ బాండ్లు అమ్మిన మెరిల్ లించ్ సంస్థ మీద కౌంటీ కేసు వేస్తే, 1998లో ఆ సంస్థ 40 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది.

మరి సిట్రన్? ఆరు నేరాలు ఒప్పుకున్నాడు. అందరి ఖాతాల్లో పడాల్సిన వడ్డీలో కొంత కౌంటీ ఖాతాకి మళ్ళించడం వాటిలో ముఖ్యమైనది. ఆయనకి ఏడాది శిక్ష, లక్ష డాలర్ల జరిమానా పడ్డాయి. పగలు జైలు ఆఫీసులో గుమస్తా పని చేసి, రాత్రి ఇంటికెళ్ళి పడుకునేవాడు. ఒక్క డాలరు కూడా తన జేబులో వేసుకోలేదు. 2013లో చనిపోయాడు. ఓడిపోయిన మూర్లాక్‌ని 1995లోనే ట్రెజరర్‌గా నియమించారు.

ఆయన డబ్బు తినలేదు అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ప్రభుత్వ డబ్బు పోయిందంటే మనం వెంటనే దొంగ ఎవరని వెతుకుతాం. ఇక్కడ ఆ రకం దొంగ లేడు. ఉన్నది, లెక్క సరిపోయింది కదా అని సంతకం పెట్టిన బోర్డు. పన్ను పెరగలేదు కదా అని ఓటేసిన జనం. వడ్డీ బాగా వస్తోంది కదా అని డబ్బు తెచ్చి పెట్టిన నగరాలు, స్కూళ్ళు. ఏళ్ళ తరబడి ఖర్చు లైన్ల మీద పట్టుదలగా వాదించుకున్నారు. ఆదాయం లైన్ దగ్గర మాత్రం 'ఈ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోంది?' అని గట్టిగా అడిగినవాణ్ణి ఎన్నికల్లో ఓడించారు.

ఈ కథ తర్వాత కాలిఫోర్నియా చట్టాలు మారాయి. ట్రెజరర్ల అప్పుల మీద హద్దులు పెట్టారు, పర్యవేక్షణ కమిటీలు తెచ్చారు. మంచిదే. కానీ బడ్జెట్ చదివే ఓపికని ఏ చట్టమూ తేలేదు. మన దగ్గర కూడా పంచాయతీకి, మున్సిపాలిటీకి, జిల్లా పరిషత్‌కి బడ్జెట్ ఉంటుంది. చేతిలో ఫోన్ ఉంది కాబట్టి ఈ వారం మీ ఊరి బడ్జెట్ దొరుకుతుందేమో వెతకండి, దొరక్కపోతే ఆఫీసులో అడగండి. దొరికాక ఖర్చు పేజీ కంటే ముందు ఆదాయం పేజీ తీయండి. ఏ లైన్ అయినా ఉన్నట్టుండి లావెక్కితే, ఎందుకని అడగండి.

1994లో ఆరెంజ్ కౌంటీలో పుట్టిన పిల్లలకి, ఆ దివాలా అప్పు చివరి వాయిదా కట్టేసరికి 23 ఏళ్ళు వచ్చాయి. వాళ్ళలో ఎవరూ ఆ బడ్జెట్‌కి ఓటేయలేదు.

మరో ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.