బౌండరీ దగ్గర నిలబడ్డవాళ్లు

1888 మార్చిలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన వెల్డీ వాకర్ అనే బేస్‌బాల్ ఆటగాడు ఒక పత్రికలో బహిరంగ లేఖ రాశారు. అదే ఏడాది మద్రాసులో బుచ్చిబాబు నాయుడు అనే ఇరవయ్యేళ్ల తెలుగు యువకుడు ఒక క్రికెట్ క్లబ్బు పెట్టారు. ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండదు. ఇద్దరినీ కదిలించిన అన్యాయం మాత్రం ఒకటే. ఆట వచ్చినా సరే, మనిషిని చూసి గేటు మూసేయడం.

అమృతలూరు చుట్టుపక్కల పిల్లలకు ఆటలు నేర్పుతూ బతికినవాణ్ణి నేను. క్రికెట్ చరిత్ర చెప్పమంటే మా పిల్లలు సెంచరీలూ సిక్సర్లూ గడగడా అప్పజెబుతారు. ఈ ఇద్దరి కథ తెలియకుండా ఆ లెక్కలకు అర్థం లేదని నా నమ్మకం.

వాకర్ ఔట్‌ఫీల్డర్. అంటే మన ఆటలో బౌండరీ కాసేవాడు. బ్యాటు చప్పుడు వినగానే బంతి ఎక్కడ దిగుతుందో అంచనా కట్టి పరుగందుకోవాలి. 1884లో టొలీడో జట్టు అమెరికన్ అసోసియేషన్ అనే పెద్ద లీగులో ఆడింది. వెల్డీ అన్న మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ ఆ జట్టుకు క్యాచర్, అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు. తమ్ముణ్ణి కూడా తీసుకున్నారు. అన్నదమ్ములిద్దరూ నల్లవాళ్లు. వెల్డీ ఆడినవి 5 మ్యాచ్‌లు, లెక్కలోకి వచ్చిన బ్యాటింగ్ అవకాశాలు 18, కొట్టిన హిట్లు 4. పెద్ద లీగుల్లో ఆయన చరిత్ర అంతే. ఆ తర్వాత తెల్లవాళ్ల లీగులు ఒక్కొక్కటే నల్లవాళ్లకు తలుపులు మూశాయి. అప్పుడే ఆయన ఆ లేఖ రాశారు. ఆటగాణ్ణి పక్కన పెట్టాలంటే ఆట రాకపోవడమో నడవడిక బాగోకపోవడమో కారణం కావాలి కానీ, ఒంటి రంగు ఎలా కారణమవుతుందని నిలదీశారు. టికెట్టు డబ్బు తీసుకునేటప్పుడు లేని తేడా ఆటలో ఎందుకని అడిగారు. 1937లో ఆయన కన్నుమూశారు. ఆ గేటు మళ్లీ తెరుచుకుంది 1947లో, జాకీ రాబిన్‌సన్ బ్రూక్లిన్ జట్టులోకి వచ్చినప్పుడు.

ఇక మద్రాసు. బుచ్చిబాబు 1868లో పుట్టారు. తాతగారు ప్యారీ కంపెనీకి దుబాసీ. మైలాపూరు లజ్‌లో పెద్ద ఇల్లు, గుర్రాలు, దొరల ఇళ్లలో ఉన్నట్టే సకల సౌకర్యాలు. అంత ఉన్నా చేపాక్ క్రికెట్ మైదానంలో మాత్రం ఆయన భారతీయుడే. 1846లో యూరోపియన్లు పెట్టుకున్న మద్రాస్ క్రికెట్ క్లబ్బు ఆ మైదానాన్ని ఏలుతుండేది. మనవాళ్లు ఆడటానికి వెళ్తే పెవిలియన్‌లో చోటు లేదు, మధ్యాహ్నం చెట్ల కింద కూర్చుని తినాలి. గంటల తరబడి ఎండలో కలిసి ఆడినవాళ్లను భోజనాల వేళకు విడదీసేవారు.

దానికి బుచ్చిబాబు ఇచ్చిన జవాబు మద్రాస్ యునైటెడ్ క్లబ్. ఎస్ప్లనేడ్‌లో సొంత చోటు చూసి, కుర్రాళ్లను పోగుచేసి, తెల్లబట్టలూ బ్యాట్లూ ప్యాడ్లూ తన డబ్బుతో కొనిచ్చారు. ఆ సాయం విలువ ఆటలు నేర్పేవాళ్లకు బాగా తెలుస్తుంది. కొత్త బ్యాటు కొంటే సరిపోదు. దానికి అవిసె నూనె పట్టించి, ఆరబెట్టి, పాత బంతిని మేజోడులో వేసి అంచులన్నీ ఓపిగ్గా తడితే తప్ప అది బంతికి నిలవదు. ఆ సామాను కొనలేకే ఎంతమంది మంచి ఆటగాళ్లు మధ్యలో మానేస్తారో నేను చూశాను.

దొరలతో సమానంగా ఒకే మైదానంలో భారతీయుల జట్టు తలపడాలని బుచ్చిబాబు కోరిక. మ్యాచ్ ఖాయం చేశారు. అది చూడకుండానే 1908లో, నలభై ఏళ్లకే పోయారు. ఆయన తలపెట్టిన ఆ ప్రెసిడెన్సీ మ్యాచ్ తర్వాత పొంగల్ పండగ ఆటగా స్థిరపడి 1952 దాకా సాగింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే అదే చేపాక్‌లో భారత జట్టు తన తొలి టెస్టు విజయం సాధించింది. వినూ మన్కడ్ 12 వికెట్లు తీసి ఇంగ్లండును ఓడించారు. బుచ్చిబాబు కొడుకు కోటా రామస్వామి అంతకుముందే 1936లో, నలభై ఏళ్లు నిండాక, మాంచెస్టర్‌లో తొలి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేశారు.

అప్పట్లో మా ఊళ్లుండే గుంటూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది కాబట్టి చేపాక్ గేటు మాకు కూడా మూసిన గేటే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక రంజీ ట్రోఫీలోకి మన జట్టు వెళ్లింది. 58 ఏళ్ల సి.కె. నాయుడు ఆ జట్టు తరఫున ఆడారు.

అయితే గేట్లు దొరలొక్కరే పెట్టలేదు. పల్వంకర్ బాలూ అనే దళిత స్పిన్నర్ పూనాలో హిందువుల జట్టుకు వికెట్ల మీద వికెట్లు తీసిపెడుతుంటే, టీ విరామంలో ఆయనకు పెవిలియన్ బయట మట్టి ముంతలో టీ పోశారు. ఆ పోసింది మనవాళ్లే.

మా డెల్టాలో ఇప్పటికీ మినుము తీశాక చేలే మైదానాలు. నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉంటుంది. నాలుగు బిందెలు నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి పిచ్ చేస్తారు. కాలువ గట్టే బౌండరీ. ఆ గట్టు మీద పొద్దుటి నుంచీ నిలబడి, బోదెలో పడ్డ బంతి తీసి విసిరే పిల్లవాడెవరో చూడండి. చాలాసార్లు వాడిది ఊరి చివరి వాడ. బంతి ఎక్కువసార్లు వాడి చేతికే వస్తుంది, బ్యాటు ఒక్కసారీ రాదు. రెండు జట్లూ బ్యాటింగ్ ముగించి ఇళ్లకు పోతాయి.

నా దగ్గర ఆడినవాళ్లకు ఒకటే నియమం పెట్టాను. ఫీల్డింగ్ చేసిన ప్రతివాడూ బ్యాటు పట్టాకే ఆట ముగియాలి. గెలవాల్సిన రోజు కూడా దాన్ని మార్చలేదు. దానివల్ల ఓడిన మ్యాచ్‌లున్నాయి, బయటపడ్డ ఆటగాళ్లూ ఉన్నారు. ఊళ్లలో టోర్నమెంట్లు పెట్టే పెద్దలను, బళ్లలో ఆటల పీరియడ్ చూసే పంతుళ్లను నేను కోరేది ఇదే. జట్టు పేర్లు రాసేముందు గట్టు మీద ఉన్న పిల్లవాణ్ణి పిలిచి అతని పేరు అడగండి. వాకర్‌కు దక్కిన ఆ పద్దెనిమిది అవకాశాలైనా వాడికి దక్కనివ్వండి.