డేగపెట్ట

కార్తీక పౌర్ణమి వెళ్లిన నాలుగో రోజు. తెల్లవారుజామున నాలుగూ ముప్పావు. గోదావరి మెట్టలో, జీడితోటలకి ఆనుకుని ఉన్న మా మేనత్త ఇంటి పెరట్లో ఒకే ఒక్క అరుపు వినపడింది. తర్వాత గంప దొర్లిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

అత్తయ్య మంచం దిగేలోపే ఆమె కోడలు టార్చి పట్టుకుని వాకిలి దాటింది. బావ ఆ రాత్రి నీళ్ల వంతుకని చేలోకి వెళ్లాడు. పిల్లలు కాక ఇంట్లో ఉన్నది ఈ ఇద్దరు ఆడవాళ్లే. నేనూ అక్కడ లేను. నెల తర్వాత వెళ్లినప్పుడు ఇద్దరూ వేర్వేరుగా చెప్పిందాన్ని కలిపి రాస్తున్నాను. ఒక్క విషయంలో తప్ప ఇద్దరి మాటా ఒకటే.

టార్చి వెలుగు నూతి గట్టు మీద పడింది. ఇసక రంగు ఒళ్లు, పొడుగు కాళ్లు, పొట్టి తోక. ఇంటిపిల్లికి ఒకటిన్నర రెట్లుంటుంది. బావురుపిల్లి. నోట్లో ఎర్రటి ఈకల ముద్ద. వెలుగు కళ్లలో పడగానే అది నోట్లోది వదిలేసి దడి దూకి తోటలో కలిసిపోయింది.

గట్టు మీద మిగిలింది డేగపెట్ట. ఎర్ర ఈకల కోడిని మా వైపు డేగ అంటారు. పధ్నాలుగు రోజులుగా వంటపాక మూల పదకొండు గుడ్ల మీద పొదుగులో కూర్చున్న పెట్ట అది. రోజూ దాని మీద గంప బోర్లించి, గంప మీద రుబ్బురాయి పొత్రం పెట్టేవాళ్లు. ఆ రాత్రి పొత్రం పెట్టడం మరిచిపోయారు. పొదిగే కోడి గుడ్లు వదిలి పారిపోదు. వేటాడే జంతువుకి అంతకంటే తేలికైన వేట దొరకదు.

తోక మొత్తం ఊడిపోయి, నడుం మీద చర్మం అరచేతి వెడల్పున చీరుకుపోయి వేలాడుతోంది. దాని పక్కన నాలుగు చిన్న చిన్న గాట్లు, కోరలవి. కోడి కళ్లు మూసుకుని ఒక పక్కకి ఒరిగి ఉంది. తోక ఈకలన్నీ ఊడి గుట్టగా పడి ఉండటం చూసి అత్తయ్య పెట్ట పోయిందనే అనుకుంది. నిజానికి చాలా పిట్టలు వెనకనుంచి పట్టుబడితే తోక ఈకల్ని ఉన్నపళాన వదిలేస్తాయి. శత్రువు నోట్లో ఈకలు మిగులుతాయి, పిట్ట మిగులుతుంది. అంత గుట్టగా ఈకలు కనపడినంత మాత్రాన కోడి పోయిందని కాదు.

అక్క (బావ భార్య నాకు అక్క వరస) ఊళ్లో ఆశా కార్యకర్త. పాత తువ్వాలు ఒకటి నీళ్లలో తడపకుండా పొడిగా తెచ్చి, కోడిని రెక్కలతో సహా చుట్టింది. దండెం మీద ఆరేసిన తెల్లటి నూలు గుడ్డ లాగి మడిచి, నెత్తురు కారే చోట అరచెయ్యి ఆనించి నొక్కి పట్టుకుంది.

"నొక్కి ఎంతసేపు ఉంచాలని నాకు తెలుసు తమ్ముడూ. మనిషికైనా కోడికైనా గడియారం చూసుకుని అయిదు నిమిషాలు. మధ్యలో ఆగిందా లేదా అని గుడ్డ ఎత్తి చూస్తే గడ్డకట్టిందంతా ఊడొస్తుంది" అంది నాతో.

ఆ అయిదు నిమిషాల్లో ఏం జరిగిందన్న దగ్గరే ఇద్దరి మాటా కలవదు. అరుపు విని ఎదురింటి పిన్నిగారు వచ్చారు. "ఇంకేం బతుకుద్దండీ, ఊపిరుండగానే కోసెయ్యండి" అన్నారు. మన ఊళ్లలో చచ్చిన కోడిని తినరు. అందుకే గాయపడ్డ కోడి దగ్గర అందరికీ తొందర, అది చావకముందే కత్తి పడాలని. అక్క చెప్పేదేమిటంటే, అత్తయ్య కత్తిపీట తెచ్చి నూతి గట్టు మీద పెట్టిందట. అత్తయ్య మాత్రం "నేనెందుకు తెస్తానురా, పొదుగు మీదున్న పెట్టని" అంటుంది. ఆ మాట అనేటప్పుడు కోడలి మొహం చూడలేదు.

అయిదు నిమిషాలకి నెత్తురు నిలిచింది. రెండు కిలోల కోడి ఒంట్లో మొత్తం నెత్తురు ఇంచుమించు నూట నలభై మిల్లీలీటర్లు, రెండు చిన్న టీ గ్లాసుల లోపు. మనం "కొంచెమే కదా కారింది" అనుకునేది దానికి కొంచెం కాదు.

అయిదూ పది. మండలం పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ నంబరు అక్క ఫోన్‌లో ఉంది. ఆ పొద్దున ఆవిడ ఫోన్ ఎత్తడం డేగపెట్ట అదృష్టం. (అలాంటి నంబరు లేనివాళ్లకి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనం కోసం 1962 ఉంది.)

"అమ్మా, ముందు కోడిని రొమ్ము దగ్గర గట్టిగా పట్టుకోకు. మనకున్నట్టు దానికి ఊపిరితిత్తుల కింద పొర ఉండదు. రొమ్ముటెముక ముందుకీ వెనక్కీ ఆడితేనే గాలి. నువ్వు బిగిస్తే గాయంతో కాదు, నీ చేతిలోనే పోతుంది."

అక్క తువ్వాలు వదులు చేసింది.

"తల నిలబెడుతోందా?"

"లేదండీ. వాలుస్తోంది. కాళ్లు చల్లగా ఉన్నాయి. రెక్క కింద మాత్రం ఒళ్లు కాలిపోతోందండీ, జ్వరమా?"

"జ్వరం కాదు. కోడి ఒంటి వేడి ఎప్పుడూ నలభై ఒక్క డిగ్రీల దగ్గరే ఉంటుంది, మన చేతికి జ్వరంలా తెలుస్తుంది. కాళ్లు చల్లబడటమే ప్రమాదం. తల నిలబెట్టేదాకా నోట్లో చుక్క నీళ్లు పొయ్యొద్దు."

అప్పటికే అత్తయ్య చెంబుతో నీళ్లు పట్టుకుని వంగి ఉంది.

ఈ మాట దగ్గర నేను కాసేపు ఆగాలి. నాకు పదేళ్లప్పుడు కుక్క పట్టిన మా ఇంటి కోడిని ఒళ్లో పెట్టుకుని, పాపం దాహమేస్తోందేమోనని ముక్కు తెరిచి గ్లాసుతో నీళ్లు పోశాను. గొంతులో గురగురమంది. రెక్కలు రెండుసార్లు కొట్టుకుంది. అంతే. కుక్క చంపిందని అందరూ అన్నారు, నేనూ అదే నమ్మాను. కోడి నాలుక మొదట్లోనే గాలిగొట్టం నోరు తెరుచుకుని ఉంటుందని, ఒంట్లో శక్తి లేని కోడి మింగలేదని, పోసిన నీళ్లు నేరుగా ఊపిరిలోకి దిగుతాయని ఇన్నేళ్ల తర్వాత ఈ కథ వింటూ తెలుసుకున్నాను. జాలితో చేసిన పని అది. అందుకే ఇది రాస్తున్నాను.

డాక్టరమ్మ తర్వాత ప్రశ్న: "గాయం చుట్టూ చర్మం బుడగలా ఉబ్బిందా? వేలితో నొక్కితే కరకరమంటోందా?"

అక్క నొక్కి చూసింది. ఒకచోట అలాగే అంటోంది.

"కోడి ఒంట్లో ఊపిరితిత్తులకి తగిలించిన గాలి సంచులు తొమ్మిది ఉంటాయి. ఒకదానికి కోర దిగి ఉంటుంది. భయపడకు, చిన్నదైతే దానంతటదే మానుతుంది. కానీ గాయంలోకి నీళ్లు పొయ్యొద్దు, ఆ దారిన ఊపిరిలోకి పోతాయి. కాచి చల్లార్చిన అర లీటరు నీళ్లలో ఒక చిన్న చెంచా ఉప్పు తలకొట్టి వేసి, దూది తడిపి పిండి, అంచుల వెంట తుడువు. చుట్టూ ఈకలు కత్తెరతో కత్తిరించు, పీకొద్దు. కొత్తగా మొలిచే ఈకలో నెత్తురుంటుంది, పీకితే మళ్లీ కారుతుంది."

అత్తయ్య ఫోను దగ్గరికి వచ్చింది. "డాక్టరమ్మగారూ, పసుపు అద్దమంటారా?"

"పైపైన గీరుకుంటే అద్దండి పెద్దమ్మా, తప్పులేదు. ఇది కుట్టాల్సిన గాయం. పసుపూ నెత్తురూ కలిసి పిడచకట్టాక కుట్టడానికి నాకు చోటుండదు. కిరసనాయిలు అసలే వద్దు."

"పోనీ నొప్పికి నా మోకాళ్ల మాత్ర ఉంది, చిటికెడు..."

"ఆ మాత్ర పేరేంటి?"

అక్క అట్ట తిప్పి చదివింది. డైక్లోఫినాక్.

ఫోనులో గొంతు ఒక్కసారి పెరిగిందట. ఆ మందు పిట్టల మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. మన ఆకాశంలో రాబందులు కనపడకుండా పోవడానికి పెద్ద కారణం అదే. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని చచ్చిపోయాయి. 2006లో మన దేశం పశువులకి దాన్ని వాడటం నిషేధించింది. అత్తయ్య ఆ అట్టని ఇప్పటికీ కోళ్ల సామాను దగ్గర పెట్టనివ్వదు.

ఇక చేయాల్సింది ఒక్కటే, ఏమీ చేయకుండా ఉండటం. అట్టపెట్టెలో గడ్డి, గడ్డి మీద పాత చీర పరిచారు. ఒక సీసాలో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి ఒక పక్కన పెట్టారు. రెండో పక్క ఖాళీ, వేడెక్కువైతే కోడి జరగడానికి. గాలి ఆడేటట్టు వదులుగా గోనె కప్పి చీకటి చేశారు. పిల్లలు వచ్చి గోనె ఎత్తి చూడకుండా అక్క గదికి గొళ్లెం పెట్టింది. వేటకి చిక్కిన ప్రాణికి మనిషి మొహం కూడా వేటగాడి మొహమే. పలకరించినప్పుడల్లా దాని గుండె పరిగెడుతుంది. మనకి ఓదార్పు అనిపించేది దానికి రెండో దాడి.

ఈలోగా గుడ్లు చల్లబడుతున్నాయి. మూడు పగిలాయి. మిగిలిన ఎనిమిదింటిని అత్తయ్య కొంగులో చుట్టుకుని, ఎదురింటి పిన్నిగారి గుమ్మంలోకి వెళ్లింది. వాళ్ల నల్లపెట్ట రెండ్రోజులుగా గుడ్లు లేని గూట్లో పొదుగుకి కూర్చుంటోంది. కోసెయ్యమన్న పిన్నిగారే పెట్టని ఎత్తి పట్టుకుని, ఆ ఎనిమిది గుడ్లూ దాని కింద సర్దారు.

ఆరున్నరకి పెట్టెలో గీరిన చప్పుడు. డేగపెట్ట తల నిలబెట్టింది. అక్క తన సంచిలోని ఓఆర్ఎస్ కలిపి, వేలు ముంచి ముక్కు పక్కన ఒక్కో చుక్కా పెట్టింది. నాలుగో చుక్కకి మింగింది.

ఎనిమిదింటికి బావ వచ్చి, పెట్టెని ఒళ్లో పెట్టుకుని బండి వెనక కూర్చున్నాడు. అక్క నడిపింది. డాక్టరమ్మ వేలాడే చర్మాన్ని కుట్టారు. కోరల గాట్లు నాలుగూ మాత్రం కుట్టకుండా వదిలేశారు. పిల్లి నోట్లో ఉండే సూక్ష్మజీవులు సూదిలాంటి కోర వెంట లోతుకి దిగుతాయి. పైన మూస్తే లోపలే పెరుగుతాయి. పైకి చిన్నగా కనపడే ఆ గాట్లే కోడిని రెండో రోజో మూడో రోజో చంపుతాయి. అందుకే పిల్లి కరిచిన పిట్టకి ఆ రోజే సూది మందు పడాలి. కోడికి మనలా చీము కారదు, జున్నుముక్కలా గట్టిపడి లోపల ఉండిపోతుంది. చీము లేదు కదా, మానిపోయిందని మోసపోతాం. మందు వాడినన్నాళ్లూ, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువు దాకా దాని గుడ్డు గానీ మాంసం గానీ తినకూడదు.

రెండ్రోజులు పచ్చటి రెట్ట వేసింది. విషమెక్కిందని అత్తయ్య ఏడ్చింది. కడుపులో మేత లేకపోతే పైత్యరసం రంగు అలాగే దిగుతుంది. మూడో రోజు తడిపిన తవుడూ నూకలూ ముట్టింది. ఈగ వాలితే ఒక్క రోజులో గాయానికి పురుగు పడుతుందని, మనవడి ఉయ్యాల దోమతెర తీసి పెట్టె మీద కప్పారు. రోజుకి రెండుసార్లు పల్చటి అయోడిన్ నీళ్లతో తుడవడం అక్క పని. అద్దిన చోట ఎరుపు కనపడకుండా ఉండాలి. తోటి కోళ్లకి నెత్తురు కనపడితే చాలు, పొడిచి పొడిచి చంపుతాయి. నిన్నటిదాకా కలిసి తిరిగిన కోళ్లే.

పన్నెండో రోజు పెట్టని పెరట్లోకి తెచ్చి వెదురు గంప కింద పెట్టారు. సందుల్లోంచి అది మందని చూస్తుంది, మంద దాన్ని చూస్తుంది. పొడవడానికి అందదు. అలా వారం. ఈ పని కోసం అమ్మే ఏ పరికరమూ మన గంపకి సాటిరాదని నా నమ్మకం.

బావురుపిల్లికి ఉచ్చు పెడదామన్నాడు పక్కింటి కుర్రాడు. అత్తయ్య వద్దంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇచ్చిందని ఆమెకి తెలియదు. "దాని పిల్లలు దానికుంటాయి, గంప మీద రాయి పెట్టనిది నేను" అంది. బావ వంటపాక మూల అర అంగుళం సందులున్న గట్టి ఇనప జాలీతో గూడు కట్టించి, జాలీ అంచుని అడుగు లోతు మట్టిలో దించాడు. మామూలు కోళ్ల వల కోడిని లోపల ఉంచుతుంది గానీ, పళ్లున్నదాన్ని బయట ఉంచదు.

ధనుర్మాసం మొదలైన వారానికి నేను వెళ్లాను. డేగపెట్ట పెరట్లో తిరుగుతోంది. మొదలంటా ఊడిన ఈకలు మళ్లీ వస్తాయి. తోక చోట బెత్తెడు కూడా లేని ఎర్రటి కుచ్చు మొలిచింది. నడుం మీద కుట్ల గీత ఈకల్లో దాక్కుంది.

ఎనిమిది గుడ్లలో ఆరు పిల్లలయ్యాయి. వాటిలో రెండు ఎరుపు. సాయంత్రం నల్లపెట్ట వాటిని వెంటేసుకుని మా దడి కింద నుంచి లోపలికి వచ్చింది. డేగపెట్టకి చెత్తకుప్పలో పురుగేదో దొరికింది. తినకుండా ముక్కుతో ఎత్తి పడేస్తూ టుక్ టుక్ మని పిలిచింది, పిల్లలకోడి పిలిచినట్టే. పిల్లలు తల ఎత్తి ఒక్క క్షణం ఇటు చూశాయి. అవతల నల్లపెట్ట కూడా పిలిచింది. ఆరూ అటే పరిగెత్తాయి.

డేగపెట్ట ఆ పురుగుని అలాగే నేల మీద ఉంచి కాసేపు నిలబడింది. అత్తయ్య గూటి తలుపు తీసి "దా" అంది.