మోటారుబండిలో గాలిసంచి దీపము



మోటారుకారులో తాళపుచెవి త్రిప్పిన తోడనే నడుపువాని యెదుట నొక చిన్న దీపము వెలుగును. కూర్చున్న మనుష్యుడు, వాని ముందొక గుండ్రని బంతి, ఇది దాని గుర్తు. కొన్ని సెకనులు వెలిగి యారిపోవును. ఆరినచో, ఎయిర్‌బ్యాగు, అనగా బండి గ్రుద్దుకొన్నప్పుడు నడుపువాని రొమ్మునకును చక్రమునకును నడుమ విచ్చుకొను గాలిసంచి, సిద్ధముగా నున్నదని యర్థము. ఆరకున్నచో నెక్కడనో లోపము గలదు. ఇప్పుడు మన పిల్లలు కొందరు బండితో వచ్చిన స్టీరింగు చక్రమును విప్పించి బజారులో దొరకు సొగసైన చక్రమును బిగించుకొనుచున్నారు. అంతట నీ దీప మారదు. దాని నార్పుటకు మెకానిక్కు లొక చిన్న యుపాయము చేయుదురు. ఆ యుపాయ మెట్టిదో గ్రహింపవలెనన్న, దీప మేల పుట్టెనో ముందుగా తెలియవలెను.

తొలినాటి మోటారుబండ్లకు చక్రమే లేదు. పడవచుక్కానికి వలె నొక పిడి యుండెడిది. 1894లో పారిసు నుండి రువాన్ పట్టణమునకు జరిగిన పందెములో ఆల్ఫ్రెడ్ వాషెరాన్ అను ఫ్రెంచివాడు తన పానార్ బండికి చక్రము నమర్చెను. సౌకర్యము కలిగినది గాని దాని వెనుక నున్న యినుపకడ్డీ, బండి దేనినైన నెదురుగా గ్రుద్దినపుడు, నడుపువాని రొమ్మున బల్లెమై దిగెడిది. నలిగి లోనికి ముడుచుకొను కడ్డీని జనరల్ మోటార్సువారు 1967 మాడలు బండ్లలో పెట్టిరి. 1968 నుండి అమెరికా ప్రభుత్వ మట్టి రక్షణను విధించెను.

గాలిసంచి కథ యింతకు ముందే మొదలైనది. 1952లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జాన్ హెట్రిక్ అను నింజనీరు భార్యతోను చిన్నకూతురితోను బండిలో పోవుచుండగా దారి కడ్డముగా నొక బండరాయి కానవచ్చెను. బండిని ప్రక్కకు త్రిప్పుచు, భార్యాభర్త లిద్దరును బిడ్డ ముందునకు చేతులు చాచిరి. ఎవరికిని హాని కలుగలేదు. కాని ఆ చాచిన చేతుల పని చేయు వస్తువేదైన బండిలో నుండరాదా యని యాయన తలపోసెను. నౌకాదళములో పనిచేసిన నాడు టార్పిడోలోని యొత్తిడిగాలికి దాని గుడ్డతొడుగు బుస్సున నుబ్బుట చూచిన జ్ఞాపక ముండెను. 1953 ఆగస్టులో పేటెంటు లభించినది. జర్మనీలో వాల్టర్ లిండరర్ 1951లోనే యిట్టి దరఖాస్తు పెట్టియుండెను. ఒకే యాలోచన రెండుదేశముల నొకరినొక రెరుగని వారికి తోచుట చరిత్రలో నరుదు కాదు.

కాని యొత్తిడిగాలి చాలదు. గ్రుద్దుకొన్న తరువాత సంచి సెకనులో వేయింట ముప్పది, నలుబది పాళ్లలో నిండవలెను. కనురెప్ప వాలుటకైన నంతకంటె నెక్కువ కాలము పట్టును. కావున సోడియం అజైడు వంటి రసాయనమును నిప్పురవ్వతో రగిల్చి, పుట్టిన వాయువుతో సంచిని నింపు పద్ధతి వచ్చెను. అలెన్ బ్రీడ్ 1960ల చివర గ్రుద్దుడును పసిగట్టు సాధనమును నిర్మించెను. 1973 మాడలు ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో బండి యమెరికాలో నీ సంచితో జనులకు విక్రయింపబడెను. కొనువారు తక్కువై 1976తో జనరల్ మోటార్సు మానుకొన్నది. 1980 దశకారంభమున జర్మనీలో మెర్సిడెస్ బెంజివారు మరల చేపట్టిరి. అమెరికాలో 1998 మాడలు మొదలుకొని ప్రతి కారునకు ముందు రెండు సంచులు తప్పనిసరి. మనదేశమున కొత్త కార్లలో నడుపువాని సంచి 2019 జూలై 1 నుండి తప్పనిసరి యైనది. ప్రక్కవాని సంచి 2021లో వచ్చి చేరెను.

ఇక దీపము మాట. బ్రేకు పనిచేయునో లేదో తొక్కి చూడవచ్చును. గాలిసంచి నట్లు పరీక్షింపరాదు; ఒకసారి విచ్చుకొన్నచో దాని పని తీరినది. పది, పదునైదేండ్లు కదలక మెదలక కూర్చున్న వస్తువు ఆ క్షణమున పలుకునని నమ్ముట యెట్లు? అందుకే లోపలి నియంత్రణపెట్టె సంచి నంటించు తీగలోనికి మిక్కిలి స్వల్పమైన విద్యుత్తును పంపి, దాని నిరోధమును కొలుచుచుండును. అది సాధారణముగా రమారమి రెండు ఓములు. తీగ తెగినను, ఊడినను దీపము వెలిగించును. చక్రము తిరుగునది గదా, తీగ తెగదా యందురేమో! గడియారపు స్ప్రింగువలె చుట్టిన పట్టీతీగ చక్రము క్రింద నుండును. దానినే క్లాక్‌స్ప్రింగు అందురు.

సొగసు చక్రములు పందెపుబండ్లనుండి వచ్చినవి. ఇటలీలో 1964లో జాంపియేరో మొరెట్టి స్థాపించిన మోమో కంపెనీ ప్రసిద్ధము. పందెగానికి శిరస్త్రాణ మున్నది, దేహమును కుర్చీకి బిగించు పలుపట్టీల కట్టున్నది. వానికి సంచి లేకున్నను సరిపోవును. మన పిల్లలకు చక్రమే వచ్చినది, తక్కినవి రాలేదు.

మెకానిక్కు చేయు నుపాయ మిది. సంచి తీసిన చోట నంతే నిరోధము గల చిన్న రెసిస్టరును తగిలించును. పెట్టె దానినే సంచి యనుకొనును, దీప మారును. ఇందులో కొంత న్యాయము లేకపోలేదు. చాలబండ్లలో నొక్క లోపము తోచినను పెట్టె మొత్తము పని మానును. రెసిస్టరున్నచో ప్రక్కవాని సంచియు, ప్రమాదమున బెల్టును బిగించు సాధనమును పనిచేయగలవు. కాని దీపము నేర్పిన సాక్షి యైపోయినది. యజమానికి నిజము తెలియును. రేపు బండి తోలు తమ్మునికి, ఎల్లుండి కొనువానికి తెలియదు. అమెరికాలో మరమ్మతు దుకాణములవా రిట్టి రక్షణలను పనిచేయకుండ జేయరాదని 1974 నుండి చట్ట మున్నది. మన 1988 మోటారువాహనముల చట్టమున 52వ సెక్షను, రిజిస్ట్రేషను వివరములు తయారీదారు నిర్ణయించిన దానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదనుచున్నది.

చక్రము మార్చియే తీరవలెనన్నచో ఆ కంపెనీవారే ఆ మాడలునకు చేసిన, సంచితో కూడిన చక్రమును తెప్పించుట మేలు. బ్యాటరీతీగ విప్పి, బండితో నిచ్చిన పుస్తకములో చెప్పినన్ని నిముషము లాగవలెను. పెట్టెలో నిలువయున్న విద్యుత్తు అంతలోనే పోదు. ముందుచక్రములు సూటిగా నుండవలెను, క్లాక్‌స్ప్రింగు తిరుగరాదు. విప్పిన సంచి ముఖము మీదికుండునట్లు పెట్టవలెను. మామూలు మీటరుతో దానిని కొలువబోయినచో ఆ విద్యుత్తుకే పేలవచ్చును. పిమ్మట కంప్యూటరుతో లోపములు చదివి చెరిపించినగాని దీప మారదు. అప్పటికి నారకున్న, సీటుక్రింది తీగజోడు వదులై యుండుటయు కద్దు.

పాతబండి కొనునపుడు తాళపుచెవి త్రిప్పి చూడుడు. దీప మసలే వెలుగనిచో దానిని తొలగించి యుందురు. వెలిగి యారినచో చక్రము నడుమను చూడుడు. సంచి గల చక్రముపై సాధారణముగా 'ఎయిర్‌బ్యాగు' అనియో, 'ఎస్.ఆర్.ఎస్.' అనియో ఇంగ్లీషక్షరము లచ్చొత్తియుండును. అవి లేక దీప మారినచో, పాత చక్ర మెక్కడ నున్నదని యమ్మువాని నడుగుడు.